రాజుగారికి ఎన్ని గజాలు?

అరవై గజాల స్థలంలో అయిదంతస్తులు లేపి, మన వంటింటి పోపు ఘాటు పక్కింటివాళ్ళ పడగ్గదిలోకి పంపడం ప్రాథమిక హక్కని నమ్మే జాతి మనది. అలాంటి మనం కూడా తలవంచి తీరాల్సిన నిర్మాణ నిబంధన ఒకటుంది. అది మున్సిపాలిటీ చేసింది కాదు. కాబట్టి ఎన్నికల ముందు క్రమబద్ధీకరణ పథకం రాదు, చేయి తడిపితే చూసీచూడనట్టు పోయే అధికారీ ఉండడు. చదరంగంలో రాజుగారికీ, ఆయన నిలబడే గడి గీతలకీ మధ్య వదలాల్సిన సెట్‌బ్యాక్ అది.

నవ్వకండి. ఇల్లు కట్టేముందు ఇంజనీరుని అడుగుతాం, సిద్ధాంతిని అడుగుతాం. రాజు, మంత్రి, చతురంగ బలాలు కాపురముండే చోటుని మాత్రం ‘ఆఫర్లో ఉంది’ అని కొనేస్తాం. ఇంతకంటే రాజద్రోహం ఏముంది?

చట్టం ఏమంటుందో చూడండి. అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే ప్రమాణాల ప్రకారం టోర్నమెంటు రాజు ఎత్తు సుమారు 9.5 సెంటీమీటర్లు. పీఠం వెడల్పు ఆ ఎత్తులో 40 నుంచి 50 శాతం. గడి కొలత 5 నుంచి 6 సెంటీమీటర్లు. అన్నట్టు, ఇదే ప్రమాణాల్లో గుర్రం 6 సెంటీమీటర్లు, ఏనుగు 5.5. ఏనుగు గుర్రం కంటే పొట్టిగా ఉండాలని నిర్ణయించిన కమిటీలో మావటివాడికి చోటు దక్కలేదని తెలుస్తూనే ఉంది.

పట్టింపు ఉన్నవాళ్ళు ఇంకాస్త బిగించి చెబుతారు. రాజు పీఠం గడి వెడల్పులో ముప్పాతిక వంతు ఉండాలి, మహా అయితే 78 శాతం. అంటే 44 మిల్లీమీటర్ల పీఠమున్న రాజుకి 57 మిల్లీమీటర్ల గడి. నాలుగు వైపులా ఆరున్నర మిల్లీమీటర్ల ఖాళీ, గాలీ వెలుతురూ ధారాళం. హైదరాబాదులో ఈ నిష్పత్తిలో స్థలం వదిలిన బిల్డరు ఎవరైనా ఉంటే నేను చూడాలనుకుంటున్నాను.

కొలిచే పరికరం చేతిలో లేకపోతే బంట్ల పరీక్ష ఉంది. నాలుగు బంట్లు తీసుకుని, పీఠాలు ఒకదానికొకటి ఆనేలా, రెండు ముందు రెండు వెనక, ఒకే గడిలో నిలబెట్టండి. నాలుగూ గీత తొక్కకుండా నిండుగా సరిపోతే సంబంధం కుదిరినట్టే. ఒక్కటి పక్క గడిలోకి పాదం చాచినా ఆక్రమణే. దుకాణంలో కూర్చుని ఈ పరీక్ష చేస్తుంటే సేల్స్ కుర్రాడు జాలిగా చూసి, “సార్, ఆట రాదా మీకు?” అంటాడు. రాకపోవచ్చు. కొలతలు వచ్చు!

నిబంధన మీరితే ఏమవుతుందో కూడా చెప్పాలి. గళ్ళు ఇరుకైతే గుర్రాన్ని ఎత్తబోయిన చిటికెన వేలు పక్కనున్న శకటుకి తగులుతుంది. ముట్టుకున్న పావుని కదపాలన్నది చదరంగంలో కఠిన నియమం. సరిచేసుకోవాలంటే ముట్టుకోకముందే ‘సర్దుతున్నా’ అని ప్రకటించాలి. పొరపాటున తగిలిందని ఒకరు, కావాలనే ముట్టుకున్నావని మరొకరు. గడియారాలు ఆగుతాయి, తీర్పు చెప్పే ఆర్బిటర్ పరుగున వస్తాడు. మిల్లీమీటరు కబ్జా, పెద్దమనుషుల పంచాయితీ. పోనీ గళ్ళు మరీ విశాలమైతే? నగరానికి యాభై కిలోమీటర్ల అవతల వేసిన వెంచరులా ఉంటుంది. ఒక్కో పావు ఒక్కో మూల దిక్కులు చూస్తూ, కూతవేటులో బంటైనా లేక.

ఇక పావుల సంగతి. ఇవాళ ప్రపంచమంతా వాడే నమూనా 1849లో లండన్‌లో నథానియల్ కుక్ పేరిట నమోదైంది. తయారుచేసి అమ్మింది జాక్వెస్ సంస్థ. పేరు మాత్రం, వాటిని మెచ్చుకుని ప్రచారం చేసిన ఆనాటి మేటి ఆటగాడు హోవర్డ్ స్టాంటన్‌ది. గీసినవాడి పేరు, చెక్కినవాడి పేరు పోయి ప్రకటనలో కనిపించినాయన పేరు నిలవడం అప్పటికే మొదలైందన్నమాట. ఆ నమూనాలో పావులు మన అమృత్‌సర్‌లో చెక్కితే దేశదేశాలకీ వెళ్తున్నాయి. అక్కడ గుర్రం తల చెక్కడమే ప్రత్యేక విద్య. సెట్టు ఖరీదెంతో తెలియాలంటే రాజుని కాదు, గుర్రం జూలుని చూడాలి. పాయలు పాయలుగా విడివడి, దవడ కింద నీడ పడితే జేబు తడుముకోండి.

అలాంటి గుర్రాన్ని కొన్నాక చాలామంది చేసే ఘోరం, ఎబొనీ అనే నల్ల కర్ర పావులకి ఎబొనీ గళ్ళే వెతకడం. నల్ల గడిలో నల్ల మంత్రి అజ్ఞాతంలోకి వెళ్ళిపోతాడు. ముదురు గడి ముదురు పావు కంటే ఒక ఛాయ తేలిగ్గా ఉండాలి. బోర్డుకి మెరుపు కూడదు. మెరిస్తే ట్యూబ్‌లైటు కూడా ఆటలోకి దిగుతుంది. సగం పావులు పారదర్శకం, సగం పావులు గరుకు గాజుతో ఉండే సెట్లు గృహప్రవేశాలకి తరచూ చేతులు మారుతుంటాయి. వాటిపై ఎవరూ ఆట పూర్తిచేసిన దాఖలా లేదు గనక వాటికి ఏ నిబంధనా వర్తించదు.

వాస్తు ఒక్కటే మిగిలింది. ఆటగాడి కుడిచేతి మూలన తెల్ల గడి రావాలి. బోర్డుని అడ్డం తిప్పితే రాజూ మంత్రీ ఇళ్ళు మారిపోతారు. వ్యాపార ప్రకటనల్లో కోటు వేసుకున్న మేధావి గడ్డం కింద చెయ్యి పెట్టుకుని దీర్ఘంగా ఆలోచించే బోర్డు చూడండి, తరచూ నల్ల మూలే ఉంటుంది. ఆయన ఆలోచిస్తున్నది దాని గురించేనని నా అనుమానం.

ఇంత శాస్త్రం ఉండగా ఆటగాళ్ళ వరస చూస్తే బాధేస్తుంది. ఊళ్ళలో టోర్నమెంట్లంటే ఫంక్షన్ హాలు బల్లలు, చుట్టచుట్టి తెచ్చిన ఆకుపచ్చ వినైల్ బోర్డులు, ప్లాస్టిక్ పావులు. కోనేరు హంపి 2019లోనూ 2024లోనూ ప్రపంచ మహిళా రాపిడ్ టైటిల్ గెలిచింది. వరంగల్ అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరు ఫిడే జాబితాలో, ఆటగాళ్ళ బలాన్ని అంకెల్లో కొలిచే రేటింగులో 2800 దాటాడు. వార్తలన్నీ చదివాను. బోర్డు ఏ కర్రో, పీఠానికీ గడికీ నిష్పత్తి ఎంతో ఒక్క విలేకరైనా రాశాడా? ఎంతసేపూ ఎత్తులే!

ఆటని నిజంగా గౌరవించేది మా ఎరుకలో ఒక పెద్దాయన. రోజ్‌వుడ్ పావులు, కొలిచి చేయించిన బోర్డు, పైన గాజు పెట్టె, లోపల చిన్న దీపం. చుట్టాల పిల్ల ఒకతి, ఎనిమిదేళ్ళుంటాయి, మొన్న వచ్చి పెట్టె చుట్టూ రెండుసార్లు తిరిగింది.

“తాతయ్యా, ఆడదామా?”

“ముట్టుకోకమ్మా. ఆడుకోవడానికి ఫోన్లో ఉందిగా.”

“అయితే బోర్డు అడ్డంగా పెట్టారేం? ఇక్కడ తెల్లగడి కదా రావాలి?”

ఆయన కళ్ళజోడు పెట్టుకుని వంగి చూశారు. తిప్పాలంటే పెట్టె సీలు తీయాలిట. సీలు తీస్తే వారంటీ పోతుందిట.