కోసేసిన రూపాయి నష్టం ఎవరిది?

చేతికి వచ్చిన రూపాయిని రాతి మీద వేసి చెవి ఒగ్గి వినేవాడు షరాబు. ఖంగుమంటే మంచిది, బొంగురుగా పలికితే దొంగది. తగరమో సీసమో కలిపి పోసిన నాణెం అలా దొరికిపోయేది. మంచి వెండితోనే అచ్చు వేసిన దొంగ రూపాయిని పట్టుకోవడం మాత్రం షరాబుకూ గగనమే. బ్రిటిష్ ఇండియాలో ఈ రెండో రకానికి తలుపు తెరిచింది ప్రభుత్వ విధానమేనని మా అభిప్రాయం.

1835 నుంచి రూపాయి తూకం 180 గ్రెయిన్లు, అంటే సరిగ్గా తులం. పన్నెండు పాళ్లలో పదకొండు పాళ్లు వెండి. ఎవరైనా వెండి తెచ్చి, రుసుము కట్టి టంకసాలలో రూపాయలు చేయించుకోగలిగినంత కాలం మంచి వెండితో దొంగ నాణెం చేసినా మిగిలేది స్వల్పం. 1893 జూన్‌లో ప్రభుత్వం ఆ వెసులుబాటు ఎత్తివేసింది. వెండి ధర ఎంత పడిపోయినా రూపాయిని 16 పెన్నీల దగ్గర నిలబెట్టింది. 1900 నాటికి రూపాయిలో ఉన్న వెండి పది అణాలకు అటూ ఇటూ. మిగతా ఆరణాలూ సర్కారు లాభం. లండన్‌లో బంగారు నిధి కూడబెట్టింది ఆ లాభంతోనే. ఆ ఆరణాలే దొంగ అచ్చులవాళ్లకూ ఆశ పెట్టాయి. అయినా నకిలీలను అడ్డుకునే ప్రత్యేక అంచు రూపాయికి 1940లో గానీ రాలేదు.

మరి నష్టం? 1906 నాణేల చట్టం ప్రకారం నకిలీ అని తోచిన నాణేన్ని ఖజానాలో కోసేయాలి. అధికారి దయతలిస్తే వెండి విలువ కట్టి తీసుకుంటాడు, లేదంటే ముక్కలు తిరిగి చేతిలో పెడతాడు. ధాన్యం అమ్మిన డబ్బుతో శిస్తు కట్టడానికి వచ్చిన రైతు ఆ రెండు ముక్కలూ పట్టుకుని, తక్కువ పడిన రూపాయి కోసం మళ్లీ అప్పుకు వెళ్లాలి. ఆ నాణెం ఎవరు చేశారో అతనికి తెలియదు. తెలిసి మోసం చేసినవాడికీ, తెలియక మోసపోయినవాడికీ ఖజానా బల్ల దగ్గర తేడా లేదు.

ఇన్నేళ్ల తర్వాతా ఆ తేడా చూడడం లేదన్నదే మా ఆవేదన. నేడు బ్యాంకులో నకిలీ నోటు బయటపడితే దాని మీద ముద్ర వేసి, స్వాధీనం చేసుకుని, రసీదు ఇస్తారు. పైసా తిరిగి ఇవ్వరు. పరిహారం ఇస్తే మోసగాళ్లు ఎగబడతారన్న భయంలో నిజం లేకపోలేదు. దానికి హద్దు పెట్టవచ్చు: సొంత ఖాతాలో జమ చేయడానికి వచ్చి, వివరాలన్నీ ఇచ్చినవారికి, ఏడాదికి ఒక్క నోటు వరకు. కూలి డబ్బులో వచ్చిన ఐదు వందల నోటు పోతే ఆ ఇంట్లో వారం రోజుల కూరగాయలు పోయినట్టే. రిజర్వు బ్యాంకు ఈ నిబంధనను తిరగరాయాలని కోరుతున్నాము.