కాయతొలుచు పురుగు తల్లిగారికి ఒక లేఖ

అమ్మా,

ఆమధ్య ఒక సాయంత్రం మిద్దెమీది బెండమొక్క దగ్గర మీ దర్శనమైంది. అంగుళం కూడా లేని ఒళ్లు, మీగడరంగు ముందురెక్కలు, వాటి మధ్యన చిలకపచ్చ చార. పట్టుచీర కట్టి పేరంటానికి వచ్చినట్టున్నారు.

వచ్చినవారు ఊరికే పోరుగా! గుడ్లన్నీ ఒకచోట పెడితే ఆ ఆకు తుంచి పారేసేవాళ్లం. మీరు మొవ్వకొకటి, మొగ్గకొకటి పెట్టారు. గసగసం కన్నా చిన్న నీలిరంగు గుడ్లు, వెతకడానికి మా కళ్లు చాలవు. మూడు నాలుగు రోజులకు మీ పిల్లలు దిగారు. కాయలింకా రాలేదని మొవ్వలోనే దూరారు. కొమ్మ తల వాల్చేసింది. పక్కింటి పిన్నిగారు చూసి, నేను నీళ్లు పోయట్లేదని నన్ను తిట్టారు!

కాయలొచ్చాక చెప్పాలా? కన్నం పెట్టి లోపలికెళ్లి, ఆ కన్నాన్ని తమ పెంటతోనే మూసుకుంటారు. కత్తిపీట మీద కాయ చీలిస్తే గింజల మధ్య తెల్లచారల గోధుమరంగు పిల్లగాడు, చుట్టూ నల్లటి ఉండలు. పది పన్నెండు రోజులు మేసి, పడవ ఆకారపు గూడు అల్లుకుని వారం పైనే నిద్ర. లేచేసరికి మళ్లీ పట్టుచీర.

పత్తిచేలల్లో మీ వైభవం పెద్దలకు తెలుసు. 2002లో, కాయపురుగును చంపే విషం తనలోనే ఉన్న బీటీ పత్తి వచ్చాక అక్కడ మీ కాళ్లు నిలవలేదు. గులాబీరంగు పురుగు మాత్రం బీటీనే అలవాటు చేసుకుని మళ్లీ కాయల్లో కాపురం పెట్టింది. మీకు పాత బెండతోటే మిగిలింది.

అసలు నా కోపం మీమీద కంటే మావాళ్ల మీదే. రైతుబజారులో ప్రతి కాయ కొస విరుస్తారు, సూదిమొనంత కన్నం కనిపిస్తే విసిరేస్తారు. బెండేమో రోజు విడిచి రోజు కోసే పంట. ఆ కన్నం పడకూడదని మందు కొట్టాక, అది ఆరేలోపే కాయ సంతకొస్తుంది. మీ పిల్లలు ముట్టని కాయ ఏరికోరి మా పిల్లలకు పెడతాం. శుభ్రత తల్లీ, శుభ్రత!

నేను మందు కొట్టను. వాలిన కొమ్మలు తుంచి నలిపేస్తున్నాను, వేపగింజల కషాయం చల్లుతున్నాను. నిన్న లింగాకర్షక బుట్ట కూడా కట్టాను. అందులో మీ ఆడవాళ్ల వాసన పెట్టి అమ్ముతారు. రాత్రి మీవారు ఇల్లు చేరకపోతే నన్నడగొద్దు, ఆయన్నే అడగండి.

ఇట్లు,
బెండవేపుడు ఆశ చావని
మిద్దెతోట యజమాని