1911 పిస్టల్ స్లైడ్ లాక్: సవరణ

1911 తరహా పిస్టల్‌లో చివరి తూటా పేలాక స్లైడ్ (పైన ముందుకూ వెనక్కూ కదిలే భాగం) వెనక నిలవకపోతే ముందుగా రికాయిల్ స్ప్రింగ్ (స్లైడ్‌ను తిరిగి ముందుకు తోసే స్ప్రింగ్) మార్చాలని గత పోస్టులో రాశాను, అది తప్పు. తయారీదారుల మాన్యువళ్లు, మరమ్మతు నిపుణులు చెప్పేదాని ప్రకారం మొదట చూడవలసింది తూటాలు నింపే మ్యాగజైన్‌ను. ఖాళీ మ్యాగజైన్‌లోని ఫాలోయర్ (తూటాలను పైకి నెట్టే పలక) పైకి లేచి స్లైడ్ స్టాప్ (స్లైడ్‌ను వెనక ఆపే మీట) లోపలి కొనను నెట్టినప్పుడే స్లైడ్ ఆగుతుంది కనుక, మ్యాగజైన్ స్ప్రింగ్ బలం తగ్గినా, ఫాలోయర్ అంచు అరిగినా ఆ నెట్టుడు చాలదు. అదే బలహీనత తూటాను సమయానికి పైకి అందించక ఫీడింగ్‌నూ (తూటా ఛాంబర్‌లోకి చేరడాన్నీ) చెడగొడుతుంది.

ఛాంబర్ (తూటా పేలే గది) ఖాళీగా ఉందని కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకున్నాక, ఖాళీ మ్యాగజైన్ పెట్టి స్లైడ్‌ను చేత్తో పూర్తిగా వెనక్కి లాగాలి. అప్పుడు నిలిచి, కాల్చేటప్పుడు మాత్రమే నిలవకపోతే, స్లైడ్ స్టాప్‌పై బొటనవేలు ఆనుతోందేమో చూసుకోవాలి. దీన్ని చాలామంది పట్టించుకోరు. మరీ గట్టి రికాయిల్ స్ప్రింగ్‌ను అనుమానించడం ఆ తర్వాతే.