రోజుకి ఎనిమిది టమాటాలు

ఆదివారం కూకట్‌పల్లి వెళ్ళేసరికి మా తమ్ముడు కిట్టు ల్యాప్‌టాప్‌లో ఇంటి ఖర్చుల లెక్క తెరిచి, అమ్మమ్మని నిలబెట్టి నిలదీస్తున్నాడు. నిలబెట్టి అన్నానే గానీ, ఆవిడ కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. నిలబడింది వాడే.

"వారంలో ఐదు కిలోల టమాటాలా అమ్మమ్మా! ఇంట్లో ఉండేది ఇద్దరం."

"తిన్నదెవరు?"

"అది కాదు. సోమవారం టమాటా పప్పు, మంగళవారం పచ్చడి, బుధవారం చారు, గురువారం టమాటా బాత్, శుక్రవారం కోడిగుడ్డు టమాటా, నిన్న మళ్ళీ పప్పు. బడ్జెట్ అని ఒకటి ఉంటుంది కదా!"

"నువ్వు రాస్తేనే కొన్నాను. క్యాలెండర్ మీద ఉన్నది నీ చేతిరాతే కదా? 'ఈరోజు 8 టమాటాలు.' ప్రతి తేదీ కిందా ఉంది. ఆదివారం మాత్రం 2. ఆదివారం చికెన్ కదా, రెండు చాలనుకున్నాడు, పిల్లాడికి వంట తెలుసు అని సంతోషించాను కూడా."

కిట్టు తల పట్టుకున్నాడు. "అవి తినే టమాటాలు కాదు. పని!"

"టమాటా పనేమిట్రా?"

"పొమొడోరో టెక్నిక్ అంటారు. 1980ల చివర్లో ఇటలీలో సిరిల్లో అని ఒకాయన, చదువు మీద ధ్యాస కుదరక వంటింటి టైమర్ ఒకటి తెచ్చి పక్కన పెట్టుకున్నాడు. అది టమాటా ఆకారంలో ఉంది. పాతిక నిమిషాలు పని, ఐదు నిమిషాలు విరామం. నాలుగు అయ్యాక పెద్ద విరామం. పొమొడోరో అంటే ఇటాలియన్‌లో టమాటా."

"వంటింటి వస్తువు ఎత్తుకుపోతే వాళ్ళమ్మ ఏమీ అనలేదా?"

"అమ్మమ్మా!"

"మీ తాతయ్యా అంతే. పాతిక నిమిషాలు దుక్కి, ఐదు నిమిషాలు చుట్ట. నాలుగు చుట్టలయ్యాక చెట్టు కింద నిద్ర. పాపం ఆయనకి దానికో పేరు పెట్టాలని తోచలేదు. పెట్టినా మా ఊళ్ళో టమాటాని రామములక్కాయ అనేవాళ్ళం. 'రామములక్కాయ పద్ధతి' అంటే నువ్వు వినేవాడివా?"

అని, వేళ్ళ మీద లెక్క మొదలుపెట్టింది. "ఎనిమిది పాతికలు రెండొందలు. అంటే రోజుకి మూడు గంటల ఇరవై నిమిషాలే పని చేస్తున్నావు. ఈ సంగతి ఆఫీసులో తెలుసా?"

"అది ధ్యాస పెట్టి చేసే పని. మిగతా టైమంతా మీటింగులు."

"ఓహో, అవి ధ్యాస లేకుండా చేసేవి."

టీ తాగుతున్న నాకు పొలమారింది. నువ్వెవరి పార్టీ అన్నట్టు కిట్టు నా వైపు చూశాడు. నేను పుట్టినప్పటి నుంచీ అమ్మమ్మ పార్టీయే.

"సరే, టమాటాలు వదిలెయ్. ఆ టైమరే తెప్పించాను, 899 రూపాయలు పెట్టి. డైనింగ్ టేబుల్ మీద పెట్టాను, మర్నాటికి లేదు. ఎర్రగా, గుండ్రంగా, పైన పచ్చటి తొడిమ..."

అమ్మమ్మ చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది.

"అదా! కత్తి దిగలేదు."

"కోశావా?"

"దిగితేగా కోయడానికి! ఇంకా కాయేమో, మాగుతుందిలే అని బియ్యం డబ్బాలో పెట్టాను. రెండు రోజులాగి తీసి తొడిమ తిప్పితే లోపల టిక్కుటిక్కుమంది. పురుగనుకున్నాను."

"ప్లాస్టిక్ అమ్మమ్మా అది! పట్టుకుంటే తెలియదా?"

"నువ్వు పది నిమిషాల్లో గుమ్మంలోకి తెప్పించే టమాటాలు మాత్రం ఏం మెత్తగా ఉంటున్నాయి? నేలకేసి కొడితే తిరిగి చేతికొస్తున్నాయి. ఇదేదో ఖరీదైన హైబ్రిడ్ అనుకున్నాను. చలికి పురుగు చస్తుందని ఫ్రిజ్‌లో వేశాను."

"అయితే గురువారం ఫ్రిజ్ మోగుతోందని మెకానిక్‌ని పిలిచింది..."

"మోగింది మరి! అతను వచ్చేసరికి ఆగిపోయింది. తలుపు తెరిచి, ముందూ వెనకా చూసి, 'ఇప్పుడు బాగైపోయిందమ్మా' అని మూడొందలు పట్టుకెళ్ళాడు."

కిట్టు ల్యాప్‌టాప్‌లోకి చూశాడు. 'ఇతరాలు: 300' అని శ్రద్ధగా రాసి ఉంది.

"టైమర్ 899, మెకానిక్ 300, టమాటాలు..."

"టమాటాలు నా లెక్కలో వెయ్యకు. రైతుబజార్లో ఏరి ఏరి తెచ్చాను. 2023 జూలైలో కిలో నూరు దాటినప్పుడు చింతపండుతో నెట్టుకొచ్చాను, ఎవరికైనా తెలిసిందా? నువ్వేమో పొద్దున్న ఐదింటికి లేపే యాప్‌కి ఏడాదికి 1,800 కట్టావు. నేను ఊరికే లేపుతుంటే ఇంకో ఐదు నిమిషాలంటూ ముసుగు తన్నుతావు."

"అది అలవాట్లు మార్చుకోవడానికి అమ్మమ్మా. నా జీవితాన్ని నేను డిజైన్ చేసుకుంటున్నాను."

"కోఠీలో ఇచ్చిన జాకెట్టుకి చేతులే కొలతకి రాలేదు. జీవితానికి డిజైనంట!"

కిట్టు కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. "అయినా ఆరు రోజులూ నోరెత్తకుండా తిన్నానా లేదా? కడుపులో ఒకటే మంట. రాత్రిళ్ళు మజ్జిగ తాగి పడుకుంటున్నాను."

"మరి చెప్పొద్దూ, వెధవా!"

"నీకిష్టమేమో అనుకున్నాను. రోజూ మధ్యాహ్నం ఒకటి కోసుకుని, ఉప్పూ కారం అద్దుకుని తింటున్నావు కదా."

"అదీ నువ్వు రాసిందే. ఎనిమిది పక్కన 'అమ్మమ్మ – 1' అని. నాకూ ఒకటి రాశాడు, తినకపోతే చిన్నబుచ్చుకుంటాడని తిన్నాను. పచ్చి టమాటా నాకు చిన్నప్పటి నుంచీ పడదు."

కిట్టు కాసేపు క్యాలెండర్ వైపు చూశాడు. "అది... రోజూ సాయంత్రం ఫోన్ పక్కన పడేసి, పాతిక నిమిషాలు నీ దగ్గర కూర్చోవాలని రాసుకున్నా."

"కూర్చున్నావా?"

"టైమర్ కనబడలేదుగా."

అమ్మమ్మ ఏమీ అనలేదు. అంటే, ఒక చిక్కుడుకాయ ఈనె తీసినంతసేపు. తర్వాత మళ్ళీ వేళ్ళు మడిచింది. "ఎనిమిదిలో నాదొకటి తీసేస్తే ఏడు. అంటే ఆఫీసుకి మూడు గంటలు కూడా చెయ్యట్లేదన్నమాట!"

వాడు జవాబు వెతుక్కునేలోపు నా వైపు తిరిగింది. "ఫ్రిజ్‌లోంచి ఆ హైబ్రిడ్ పట్రావే."

కూరగాయల అరలో, పచ్చిమిరపకాయల కింద ఉంది, మంచుగడ్డలా. అమ్మమ్మ కొంగుతో తుడిచి వాడి ముందు పెట్టింది. "తిప్పు."

తిప్పాడు.

"మీ పెద్దమ్మ పెళ్ళిలో మగపెళ్ళివారు అలిగిన సంగతి చెప్పానా?"

"నాలుగుసార్లు చెప్పావు."

"నాలుగుసార్లూ ఫోన్ చూస్తూ విన్నావు."

కథ ఇంకా విడిదింట్లో కాఫీ చల్లారిన దగ్గరే ఉండగా టమాటా గణగణ మోగింది. కిట్టు లేవబోయాడు.

"కూర్చో. హైబ్రిడ్‌ది కదా, అలాగే తొందరపడుతుంది. మళ్ళీ తిప్పు. నువ్వెళ్ళి వాడికి కాస్త మజ్జిగ తేవే."