2,618 మరుగుదొడ్లు, ఒక గొడుగు

లండన్ వెంబ్లీ స్టేడియం గురించి ఎవరు మాట్లాడినా ముందు ఆ ఉక్కు తోరణం సంగతే ఎత్తుతారు. ఎత్తు 133 మీటర్లు, ఈ కొసనుంచి ఆ కొసకు 315 మీటర్లు. పైకప్పు బరువంతా చాలావరకు అదే మోస్తుంది కాబట్టి, 90,000 కుర్చీల్లో ఎక్కడ కూర్చున్నా కళ్లకు స్తంభం అడ్డురాదు. కాదనను. కానీ ఆ కట్టడం గొప్పతనం పైన లేదు, కింద ఉంది. 2007లో తెరిచినప్పుడు లోపల 2,618 మరుగుదొడ్లు ఉన్నాయనీ, ప్రపంచంలో ఇంకే వేదికలోనూ అన్ని లేవనీ గర్వంగా చెప్పుకున్నారు. ఆ లెక్క విని నవ్వినవాళ్లకు చరిత్ర తెలియదన్నమాట.

2000 అక్టోబర్ 7. పాత వెంబ్లీలో ఆఖరి మ్యాచ్, ఇంగ్లండ్‌కీ జర్మనీకీ. ఒకటే వాన. జర్మనీ ఆటగాడు హామన్ దూరం నుంచి కొట్టిన ఫ్రీకిక్ తడి గడ్డి మీద జారుకుంటూ వెళ్లి గోల్‌లో పడింది. ఆటైపోయింది. ఇంగ్లండ్ మేనేజర్ కెవిన్ కీగన్ ఇక నావల్ల కాదనుకున్నాడు. ఆ మాట ఫుట్‌బాల్ సంఘం పెద్దలతో చెప్పాలంటే డ్రెస్సింగ్ రూమ్ నిండా ఆటగాళ్లు. చివరికి టాయిలెట్లోకి వెళ్లి, అక్కడ నిలబడి రాజీనామా సంగతి తేల్చారు. 77 ఏళ్ల స్టేడియంలో ఒక పెద్దమనిషి పరువుగా ఉద్యోగం మానుకోవడానికి దొరికిన చోటు అది! కొత్తది కట్టేటప్పుడు ఈ లోటు ఎవరి మనసులోనో గట్టిగానే నాటుకుని ఉంటుంది. ఇప్పుడు రోజుకొక మేనేజర్ రాజీనామా చేసినా, ఏడేళ్లు దాటేదాకా ఒకరు వాడిన గది ఇంకొకరికి ఇవ్వనక్కర్లేదు.

ఇంత ముందుచూపు ఊరికే వస్తుందా? పాత స్టేడియాన్ని 300 రోజుల్లో, ఏడున్నర లక్షల పౌండ్లతో కట్టేశారు. కొత్తదానికి నాలుగేళ్లు పట్టింది, ఖర్చు 75 కోట్ల పౌండ్లు దాటింది. అంటే వెయ్యి రెట్లు. రూపాయికీ పౌండుకీ విలువ తగ్గడం లోకసహజం కనుక ఈ లెక్క అన్యాయమే, అయినా చెప్పుకోవడానికి బాగుంది. 2006లో ఇంగ్లండ్ క్లబ్బులు పోటీపడే ఎఫ్ఏ కప్ ఫైనల్ ఇక్కడే అనుకున్నారు. పని తెమలక కార్డిఫ్‌లో పెట్టుకున్నారు. ఆ ఏడాదే నేల కదిలి స్టేడియం కింద మురుగు పైపులు వంగిపోయాయని వార్త. 2,618 దొడ్లు కట్టి పైపులు వంకర తిప్పుకున్న ఘనత కూడా ప్రపంచంలో ఇంకెవరికీ లేదనుకుంటాను.

పైకప్పు మాటకొస్తే, కుర్చీలన్నిటి మీదా అది ఉంది. గడ్డి మీద మాత్రం లేదు. గడ్డికి ఎండ కావాలి కదా. న్యాయమే. 2007 నవంబర్ 21న యూరప్ దేశాల యూరో పోటీలకు అర్హత తేల్చే మ్యాచ్, ఎదుట క్రొయేషియా. ఇంగ్లండ్‌కు డ్రా అయినా చాలు. మళ్లీ వాన. చూసేవాళ్లంతా పొడిగా కూర్చున్నారు. గీత పక్కన మేనేజర్ స్టీవ్ మెక్‌లారెన్ ఒక చేత్తో గొడుగు పట్టుకుని, ఇంకో చేత్తో కాఫీ కప్పుతో నిలబడ్డాడు. డెబ్బై అయిదు కోట్ల పౌండ్ల స్టేడియంలో ఆయన నెత్తికి దిక్కు ఆ గొడుగే. 3-2తో ఓడారు, మర్నాడే ఉద్యోగం ఊడింది.

తప్పంతా గడ్డిదని కొందరన్నారు. నెల కూడా కాకముందే అదే గడ్డి మీద అమెరికన్ ఫుట్‌బాల్ ఆడించి బురద చేసిన మాట నిజం. 2010 నాటికి ఆ గడ్డిని దాదాపు పదిసార్లు పీకి కొత్తది పరిచిన మాటా నిజమే. ఆడలేక మద్దెల ఓడంటారు గానీ, ఇక్కడ మద్దెల నిజంగానే ఓడు. కాకపోతే అదే మద్దెల మీద క్రొయేషియా వాళ్లు మూడు గోల్స్ వాయించారు.

సంప్రదాయాలను నిలబెట్టడంలో మాత్రం వెంబ్లీకి వంక పెట్టలేం. 1923లో మొదటి కప్ ఫైనల్‌కు లెక్కకు అందినవాళ్లే 1,26,047 మంది. గోడలు దూకి వచ్చినవాళ్లను ఎవరూ లెక్కపెట్టలేదు. జనం మైదానంలోకి పొంగిపోయారు. జార్జ్ స్కోరీ అనే పోలీసు బిల్లీ అనే గుర్రమెక్కి వాళ్లను మెల్లగా గీత అవతలికి నెట్టుకుంటూ పోయాడు. ఆట 45 నిమిషాలు ఆలస్యమైంది. (గుర్రం బూడిద రంగుదేనట, నలుపు తెలుపు రీలులో తెల్లగా పడింది.) తర్వాతి ఫైనల్స్‌కు స్కోరీకి ఉచితంగా టికెట్లు పంపితే, ఫుట్‌బాల్ మీద ఆసక్తి లేదని వెళ్లలేదట. ఆ స్టేడియంలో మనశ్శాంతి దక్కిన ఇంగ్లిషువాడు ఆయనొక్కడే. గుర్రం పేరు మీద స్టేషన్ దగ్గర వంతెన కట్టారు, వైట్ హార్స్ బ్రిడ్జి.

2021 జూలైలో యూరో ఫైనల్ రోజున టికెట్ లేనివాళ్లు మళ్లీ గేట్లు తోసుకుని లోపలికొచ్చారు. కెమెరాలూ ఎలక్ట్రానిక్ గేట్లూ ఉన్నాయి. గుర్రమే లేదు. ఇంగ్లండ్ రెండో నిమిషంలోనే గోల్ కొట్టి, చివరికి పెనాల్టీల్లో ఇటలీ చేతిలో ఓడింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా, రచ్చే ఇంట్లోకి వచ్చి గెలిచి పోయింది.

న్యాయంగా ఒక మాట కూడా ఒప్పుకోవాలి. 1921లో ఇదే ఫుట్‌బాల్ సంఘం, ఈ ఆట ఆడవాళ్లకు తగదని తీర్మానించి, తన క్లబ్బుల మైదానాల్లోకి వాళ్లను దాదాపు యాభై ఏళ్లు రానివ్వలేదు. 2022 జూలై 31న అదే ఆడవాళ్లు ఇదే వెంబ్లీలో 87,192 మంది ముందు, అదే జర్మనీ మీద, అదనపు సమయంలో క్లోయి కెల్లీ గోల్‌తో యూరో కప్పు గెలిచారు. గెలిచాక కోచ్ సరీనా వీగ్‌మన్ విలేఖరులతో మాట్లాడుతుంటే ఆటగత్తెలంతా పాడుకుంటూ గదిలోకి దూసుకొచ్చారు. గోల్‌కీపర్ మేరీ అర్ప్స్ ఏకంగా బల్లెక్కి గంతులేసింది. తలుపేసుకుని మాట్లాడుకునే చాటు గది కావాలని ఆ రోజు ఎవరూ అడగలేదు.