కృష్ణారెడ్డిని ప్లేటు దగ్గర చదవాలి

లోహపు పలకలను (ప్లేట్లను) చెక్కి, వాటి నుంచి కాగితం మీద బొమ్మలు అచ్చుతీసే ప్రింట్‌మేకర్ ఎన్. కృష్ణారెడ్డి గురించి తెలుగులో ఏం రాసినా ఒక మాట తప్పకుండా వస్తుంది: ఒకే ప్లేటు మీద అనేక రంగులు వేసి ఒక్కసారే అచ్చుతీసే పద్ధతి కనిపెట్టిన తెలుగువాడు అని. అది సగం నిజమే. విస్కాసిటీ (ఇంకు చిక్కదనం) ప్రింటింగ్ అనే ఆ పద్ధతి 1950లలో పారిస్‌లో, బ్రిటిష్ కళాకారుడు స్టాన్లీ విలియం హేటర్ నడిపిన ఆటెల్యే 17 అనే ప్రింట్ల కార్యశాలలో రూపుకట్టింది. హేటర్, బొంబాయి నుంచి వెళ్లిన కైకో మోతీ, కృష్ణారెడ్డి ముగ్గురి చెయ్యీ అందులో ఉంది. ముగ్గురి పనిని ఒక్కరి ఖాతాలో వేస్తే ఆయన గౌరవమేమీ పెరగదు. పైపెచ్చు, ఆయన మాత్రమే చేయగలిగిన పని మరుగున పడుతుంది. ఆ పనంతా రంగు తాకకముందే లోహంలో జరిగిపోయింది.

చిత్తూరు ప్రాంతంలోని నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదువుకున్నారు. మద్రాసు కళాక్షేత్రలో కొంతకాలం పనిచేసి లండన్ స్లేడ్ స్కూల్‌కు వెళ్లారు. అక్కడ హెన్రీ మూర్, తర్వాత పారిస్‌లో ఒసిప్ జడ్కిన్, మిలాన్‌లో మరీనో మరీనీ ఆయనకు గురువులు. ముగ్గురూ శిల్పులే. ఇది తీసిపారేయాల్సిన వివరం కాదు. ఆయన ప్లేటును గీతలు గీసే పలకగా చూడలేదు, చెక్కాల్సిన శిలగా చూశారు.

పాత పద్ధతిలో రంగు ప్రింటు కావాలంటే ఒక్కో రంగుకు ఒక్కో ప్లేటు చేసి, అదే కాగితాన్ని మళ్లీ మళ్లీ ప్రెస్సులోంచి పంపేవారు. తడి కాగితం ప్రతిసారీ కాస్త సాగుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. దాంతో రంగు గీత దాటి పక్కకు జరుగుతుంది. విస్కాసిటీ పద్ధతిలో ఆ బెడద లేదు. ఒకటి రెండు మిల్లీమీటర్ల మందమున్న రాగి లేదా జింకు ప్లేటును యాసిడ్‌తో, బ్యూరిన్ అనే చెక్కుడు ఉలితో, గీకుడు పనిముట్లతో కనీసం మూడు లోతులుగా తొలుస్తారు. ముందు చిక్కటి ఇంకును లోతైన గాడుల్లోకి రుద్ది, పైభాగాన్ని టార్లటాన్ అనే పలుచని గరుకు గుడ్డతో తుడుస్తారు. తర్వాత లిన్సీడ్ (అవిసె) నూనె ఎక్కువ కలిపిన పలుచని ఇంకును గట్టి రోలరుతో, ఒత్తకుండా, ఎత్తైన చోట్ల మాత్రమే అంటిస్తారు. చివరగా నూనె తక్కువున్న బిగువైన ఇంకును మెత్తటి రోలరుకు పట్టించి, బలంగా ఒత్తుతూ కింది మెట్లలోకి దించుతారు. దాని మీద తడి కాగితం పరిచి ప్రెస్సులోంచి ఒక్కసారి పంపితే అన్ని రంగులూ కలిసి వస్తాయి.

నూనె, నీళ్లు కలవనట్టే ఈ రంగులూ కలవవని చాలామంది చెబుతారు. అది పొరపాటు, రెండూ నూనె ఇంకులే. రోలరు పైకి లేచేటప్పుడు రెండు పొరల్లో బలహీనమైనది చీలుతుంది, అంటే పలుచనిది. అందుకే బిగువైన ఇంకు రోలరు మీదే ఉండిపోతుంది, పలుచని ఇంకు ఉన్న చోట దిగదు. వరస మార్చి ముందు బిగువైనది, తర్వాత పలుచనిది వేస్తే, చీలిన పలుచని పొరలో కొంత కింది రంగు మీదే నిలిచి రెండూ కలిసిన మూడో రంగు కనిపిస్తుంది. చీలిన పలుచని ఇంకు కొద్దిగా మెత్తటి రోలరుకూ అంటుకుంటుంది కాబట్టి ప్రతి ప్రింటుకూ దాన్ని కడగాల్సిందే. బద్ధకిస్తే మూడో ప్రింటుకల్లా రంగులు బురదవుతాయి.

పని చెడేది ఎక్కువగా రోలరు దగ్గరే. రోలరు చుట్టుకొలత ప్లేటు పొడవుకు తగ్గకూడదు. ప్లేటు 50 సెంటీమీటర్లుంటే రోలరు వ్యాసం 16 సెంటీమీటర్లు ఉండాలి. అంతకంటే చిన్నదైతే రెండో చుట్టు మొదలైన చోట అడ్డంగా చార పడుతుంది. పలుచని ఇంకు లేత పాకంలా కత్తి అంచు నుంచి ఆగకుండా జారాలి. బిగువు చాలని ఇంకులో మెగ్నీషియం కార్బొనేట్ పొడి కలుపుతారు. మన ఎండాకాలంలో రెండు ఇంకులూ పలుచబడతాయి. అప్పుడు చూసుకోవాల్సింది వాటి మధ్య తేడా నిలిచిందా లేదా అన్నదే. తెలుపు, లేత పసుపు జింకు మీద తుడిస్తే మసకబారతాయి కనుక వాటిని రోలరుతో వేయడం మేలు.

ఈ పాఠం ఎవరైనా నేర్చుకోవచ్చు. ఆయన దాచుకోలేదు కూడా. పారిస్‌లోనూ, 1970ల నుంచి న్యూయార్క్‌లోనూ నేర్పారు, 1988లో పుస్తకంగా ఇచ్చారు. అయినా ఆ పద్ధతిలో వచ్చిన ప్రింట్లన్నీ కృష్ణారెడ్డి ప్రింట్లలా ఉండవు. 1963 నాటి ‘వర్ల్‌పూల్’ చూడండి. సుడి తిరిగే గీతల వల అది. నీలాలు ఒకదాంట్లోంచి ఒకటి పుట్టుకొస్తున్నట్టు ఉండటానికి కారణం ఇంకు కాదు, గీతకూ గీతకూ మధ్య లోహం లోతు మారుతూ పోవడం. లోతు మారిన ప్రతిచోటా మెత్తటి రోలరు వేరుగా దిగుతుంది, రంగు వేరుగా నిలుస్తుంది. అంటే రంగు ఎక్కడ ఆగాలో బ్యూరిన్ ముందే నిర్ణయించింది. 1981 నాటి ‘గ్రేట్ క్లౌన్’ ప్లేటు నుంచి ఆయన ఎన్నో రంగుల మేళవింపులు తీశారు. ఒకదాంట్లో విదూషకుడు వెలిగిపోతాడు, మరోదాంట్లో చుట్టూ ఉన్న వలయాల్లో కరిగిపోతాడు. వాటిలో అసలు ప్రతి ఏదని అడగడంలో అర్థం లేదు. మారకుండా ఉన్నది ప్లేటొక్కటే. ఆయన అవాంగార్డ్ (పాత హద్దులు దాటి కొత్తదారి తొక్కే) తెగువ ఇక్కడే ఉందని నా అభిప్రాయం: ఒకే రకం ప్రతులు తీయడానికే పుట్టిన మాధ్యమాన్ని, ఏ రెండు ప్రతులూ ఒకలా ఉండని చోటికి ఆయన తీసుకెళ్లారు.

1972లో పద్మశ్రీ వచ్చింది. 2016లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం హేటర్, ప్రింట్‌మేకర్ జరీనా హష్మీల పనితో పాటు ఆయన పనినీ ప్రదర్శనకు పెట్టింది. 2018లో ఆయన న్యూయార్క్‌లోనే కన్నుమూశారు. మనకు మాత్రం ఆయన ఎక్కువగా పత్రికల్లో, ఫోన్ తెరమీద వచ్చే బొమ్మగానే తెలుసు. అందులో ఎత్తుపల్లాలు చదునైపోతాయి, మిగిలేది అందమైన రంగుల అల్లిక. ఆయన మీద ఇక్కడ ప్రదర్శన పెట్టేవారు ప్రింటు పక్కన ప్లేటునూ పెట్టాలి, దాని మీద వెలుతురు పక్కనుంచి వాలుగా పడాలి. ప్లేటు దొరక్కపోతే ప్రింటు మీదైనా అలాంటి వెలుతురే వేయాలి, కాగితం మీద లేచిన గట్లు అప్పుడు కనిపిస్తాయి.

మన ఫైన్ ఆర్ట్స్ కాలేజీల్లో ఈ పద్ధతి నేర్పేటప్పుడూ రోలర్ల వరసతో మొదలుపెట్టడం సరికాదు. విద్యార్థి చేత ముందు ఇంకు లేకుండా, 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే) తడి కాగితం మీద ఒక ప్రింటు తీయించాలి. ఆ తెల్లకాగితం మీద మూడు మెట్లూ వేలికి తగలకపోతే రంగుల జోలికి పోకుండా మళ్లీ ప్లేటు దగ్గరికే పంపాలి.