గ్యాసు అమ్మిన డబ్బులో చెత్త వేరు చేసినవారి వాటా ఎక్కడ?

చెత్త నుంచి ఇంధనం అనగానే అందరూ ఇండోర్‌ పేరు చెబుతారు. చెప్పాల్సిందే. 2022 ఫిబ్రవరిలో అక్కడ ప్రారంభమైన ప్లాంటును రోజుకు 550 టన్నుల తడి చెత్తతో 17 వేల కిలోల బయో సీఎన్‌జీ (వాహనాలకు వాడే గ్యాసు) తీసేలా కట్టారు. హైదరాబాద్‌లోని బోయినపల్లి మార్కెట్లో కూరగాయల వ్యర్థాలతో కరెంటు తీస్తున్న తీరును 2021లో ప్రధాని కూడా మెచ్చుకున్నారు. ఈ మెప్పంతా యంత్రానికే దక్కుతోంది. నా అభ్యంతరం అక్కడే.

ప్లాంటులో చెత్తను కుళ్లబెట్టే మూసిన ట్యాంకు, అంటే డైజెస్టర్‌లో గ్యాసు పుట్టించేది గాలి తగలని చోట బతికే సూక్ష్మజీవులు. వాటికి మెతుకులు, తొక్కలు కావాలి. పాలిథిన్‌, గాజుపెంకులు చేరితే పంపులు మొరాయిస్తాయి, గ్యాసు తగ్గుతుంది. మార్కెట్‌ చెత్తతో ఆ బెడద తక్కువ. ఇళ్ల చెత్త సంగతి వేరు. పొద్దున్నే స్వచ్ఛ ఆటో ఆగినప్పుడు చూడండి. నిన్నటి సాంబారన్నం, పగిలిన సీసా, పిల్లల డైపరు అన్నీ ఒకే కవర్లో ముడిపడి వస్తాయి. ఆ ముడి విప్పి వేరు చేసేది ఓ మహిళ, చాలాసార్లు చేతికి గ్లౌజులైనా లేకుండా. తడి, పొడి, హానికర చెత్తను ఇంట్లోనే వేరు చేయాలని కేంద్రం తెచ్చిన 2016 ఘన వ్యర్థాల నిబంధనలు చెప్పాయి. మనం మానేసిన పనిని ఆమె చేస్తోంది. ప్లాంటుకు ముడిసరుకు తయారవుతున్నది ఆ చేతుల్లోనే. గ్యాసు ఆదాయంలో ఆమెకు వాటా ఇవ్వడం న్యాయం.

అసలే లాభాలు అంతంతమాత్రం, వాటాలంటే పెట్టుబడిదారులు రారని కొందరి వాదన. శుభ్రమైన తడి చెత్త అందకపోవడం కూడా ఆ నష్టాలకు ఒక కారణమే కదా! పుణెలో చెత్త ఏరుకునేవారే ‘స్వచ్ఛ్‌’ సహకార సంఘంగా ఏర్పడి, 2008 నుంచి నగరపాలక సంస్థతో ఒప్పందం మీద ఇంటింటి సేకరణ చేస్తున్నారు. ఇళ్లవారు ఇచ్చే రుసుము, పొడి చెత్త అమ్మిన డబ్బు వారికే. ఆ పద్ధతిని గ్యాసుకూ వర్తింపజేయవచ్చు.

దీని వెనుక ఇంకా పాత అన్యాయం ఉంది. మురికి పని దళితులది, మురికి భరించడం ఊరి చివరివారిది అన్నట్టు నగరం నడుస్తోంది. హైదరాబాద్‌ చెత్త ఏళ్ల తరబడి శివారులోని జవహర్‌నగర్‌ డంపింగ్‌ యార్డుకే పోతోంది. అక్కడివారికి మిగిలింది దుర్వాసన, చెత్త నుంచి కారే నల్లటి ఊట కలిసిన మల్కారం చెరువు. రేపటి గ్యాసు ప్లాంట్లూ శివార్లకే పోతే మారేది బోర్డు ఒక్కటే. బంజారాహిల్స్‌ తడి చెత్తకు బంజారాహిల్స్‌లోనే చిన్న ప్లాంటు పెట్టాలి. టెండరు పత్రంలోనే స్థలంతో పాటు కార్మికుల వాటా శాతాన్నీ రాయాలి. ఆ రెండూ లేని టెండరును కార్పొరేటర్లు ఆమోదించకూడదు.